ఆధార గ్రంథాల ప్రోటోకాల్

"వలసలపై పరిశోధన చేసిన తొలి ప్రజానాయకుడు, కాబోయే డాక్టర్ జయపాల్ గారికి శుభాకాంక్షలు" అని నాగర్‌కర్నూల్ బస్టాండు ముందు ఫ్లెక్సీ వెలిసింది. పరిశోధన ఇంకా పూర్తి కాలేదు. ఏ పనినైనా చివరి నుంచి మొదలుపెట్టే దార్శనికుడు మా వలస సంక్షేమ మండలి చైర్మన్ జయపాల్ గారు.

మా ఆయన తిమ్మప్ప కూలిపనికని ఒక మేస్త్రీ వెంట పూణె లారీ ఎక్కాడు. మళ్లీ రాలేదు. ఆ సంగతంతా చైర్మన్ గారికి పరిశోధన రాసిపెడుతున్న పీఏ నాగేశ్‌కు చెప్పాను. పుస్తకం చివర మా ఆయన పేరూ వేస్తానన్నాడు. అది చూసి ఎక్కడివాళ్లయినా ఆచూకీ చెప్పకపోతారా అని నా ఆశ. పడిందో లేదోనని మనసు నిలవక, శ్రీరంగాపూర్ నుంచి బస్సెక్కి ఆ పుస్తకం టైపు చేస్తున్న సెంటరుకు వెళ్లాను.

అక్కడ చైర్మన్ గారు కంప్యూటర్ చూసి ఎగిరిపడుతున్నారు.

"ఏంది బిడ్డా గిది? ఎదుటి పార్టీ అనిల్ పేరు పైన, నా పేరు నడుమల!"

"ఆధార గ్రంథాల పట్టిక సార్. అక్షరాల వరుసల కంప్యూటరే సర్దుతది," అంది టైపు చేసే అర్చన.

"కంప్యూటర్‌కు ప్రోటోకాల్ తెల్వదా? ఫ్లెక్సీల ఎట్ల పెడ్తం? గట్లనే పెట్టు. అనిల్‌ను తీసెయ్."

"మూడో అధ్యాయం మొత్తం ఆయన పుస్తకంలదే సార్," అన్నాడు నాగేశ్ మెల్లగా.

"అధ్యాయం ఉండనియ్. పేరే తీసెయ్యమన్న."

ఎంత విశాల హృదయం!

చైర్మన్ గారి ప్రసంగాలు లావు అక్షరాల్లో పైకెక్కాయి. జిల్లా అధ్యక్షుడు జన్మలో పుస్తకం రాయలేదు. అయినా రెండో స్థానం ఆయనదే.

"చనిపోయిన రచయితలు సార్?"

"సంతాపం కింద వెయ్."

మా ఆయన పేరు దగ్గర చిక్కొచ్చింది. చైర్మన్ గారు నా వైపు తిరిగారు.

"అవ్వా, మీ ఆయన ఉన్నడా, పోయిండా?"

"తెల్వదు సారూ. నేనడిగేది గదే."

"తెల్వదంటే ఎట్లవ్వా? ఏదో ఒక హెడ్డింగ్ కిందికి రావాలె గద!" చైర్మన్ గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "ప్రత్యేక ఆహ్వానితులల్ల వెయ్."

పుస్తకం ఆవిష్కరణ సభకు నేనూ వెళ్లాను. వేదిక మీదికి పిలవాల్సిన పేర్లు ఆ పట్టిక నుంచే కాపీ చేశారు. వరుస సిద్ధంగా ఉంది కదా.

"తిమ్మప్ప గారు వేదికనలంకరించాలి," అని మైకు పిలిచింది. గుమ్మం వైపు చూశాను. మళ్లీ పిలిచింది. మళ్లీ చూశాను.

ఖాళీ కుర్చీ ఫొటోలో బాగుండదని చైర్మన్ గారు సైగ చేస్తే, ఆయన డ్రైవర్ వెళ్లి కూర్చున్నాడు. శాలువా కప్పారు. మరునాడు ఫొటో, కింద పేర్లతో సహా, పేపర్లో పడింది.

మా ఆయనను వెతికించమని అర్జీ పట్టుకుని మండలి ఆఫీసుకు పోయాను. గుమాస్తా ఆ పేపరు తీసి నా ముందు పెట్టాడు.

"తిరిగొచ్చినోళ్లల్ల రాసుకున్నం గదవ్వా! మల్ల అర్జీ ఏంది? గీయన నీ పెనిమిటి కాడా?"

"కాదు సారూ."

"కాకుంటే చైర్మన్ సార్ శాలువా ఎందుకు కప్పుతడు?"