పుల్లమ్మ ఎవరికి అక్క

ఇట్లా దగ్గరకు జరగండి, కుర్చీ చప్పుడు కాకుండా. ఇది చెవులు రెండూ ఇచ్చి వినవలసిన కథ. మధ్యలో ఒక్క వరస జారినా నిశ్చితార్థం ఎవరిదో తెలియకుండా పోతుంది.

పినపాక దారిలో, ఒక పక్క బొగ్గు గని, ఇంకో పక్క టేకు అడవి ఉన్న కాలనీలో హర్షిత వాళ్ల క్వార్టరు. ఆ ఆదివారం హర్షిత అక్క దీపికకు నిశ్చితార్థం. పిల్లవాడు భాను. అతని తండ్రి మంగయ్యా, ఈ అక్కచెల్లెళ్ల తండ్రి గోపాలూ ఒకే గనిలో, ఒకే షిఫ్టులో తల నెరిసినవాళ్లు. పిల్లలు ముందే ఇష్టపడ్డారు, పెద్దలు తర్వాత ఇష్టపడ్డారు. ఇక మిగిలింది ఎర్రుపాలెం నుంచి వచ్చే భాను తాత, తల్లిని కన్న తండ్రి, బసవపున్నయ్య తల ఊపడమే. ఆయన తల ఊపనిదే ఆ ఇంట్లో గేదెను కూడా కొనరు.

హర్షిత హైదరాబాదులో పరిశోధన చేస్తుంది. మనిషిలా మాట్లాడే కంప్యూటరు మోడళ్లున్నాయి కదా, అవి గది నిండా మిషన్లుంటే తప్ప నడవవట. ఆ పిల్ల ఒకదాన్ని, పెద్ద బొంతను తొక్కి తొక్కి చేతిసంచిలో కుక్కినట్టు, కుదించి ఫోనులో పెట్టింది. సిగ్నలు లేని అడవి ఊళ్లో కూడా అది జవాబు చెప్పాలి. ఊరికే చెప్పడం కాదు, ఆలోచించి చెప్పాలి. మనుషులను ముడులుగా, వరసలను దారాలుగా వల అల్లి ఇస్తే, ఆ దారాలు పట్టుకుని పోయి ఎవరికెవరు ఏమవుతారో తేల్చాలి. కుదించినప్పుడు దాని తెలివి ఏమైనా రాలిపోయిందా అన్నదే హర్షిత దిగులు. చుట్టాలంతా ఒకచోట చేరే రోజు కంటే మంచి పరీక్ష ఏముంటుంది? పొద్దున్నే ఉప్మా తింటున్నవాళ్ల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరినీ అడిగి వల అల్లేసింది.

"నాయినా, మంగయ్య నీకేమైతడు?"

"గదేం అడుగుడు బిడ్డా. అన్న అయితడు."

"పుల్లమ్మత్తా, మా నాయిన నీకేమైతడు?"

పక్క క్వార్టరు పుల్లమ్మ బగారా అన్నం పొయ్యి ముందు నుంచి కదలలేదు. "తమ్ముడు. మంగయ్య గూడ తమ్ముడే. ఇద్దరికీ తెలివి లేదని గూడ ఎక్కించు."

తెలివి సంగతి వదిలేసి మిగతాది ఎక్కించింది హర్షిత. గని కాలనీ అంటే ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు గోడకు గోడ ఆనుకుని బతికే చోటు. అక్కడ వరస కలుపుకోకుండా ఎవరూ గ్లాసుడు మంచినీళ్లు కూడా అడగరు. ఆ గాలిలోనే పెరిగిన పిల్ల కాబట్టి, రక్తం వరస వేరు, కాలనీ వరస వేరు అని ఆమెకు తట్టనే లేదు.

బసవపున్నయ్య వచ్చి పందిట్లో కూర్చున్నాడు. ఫోను సంగతి విని ముచ్చటపడ్డాడు.

"అయితే మా భానుకీ మీ అక్కకీ వరసేంటో చెప్పించమ్మా. నలుగురూ వింటారు."

హర్షిత సంబరంగా సౌండు పెంచింది. ఫోను తేనెలాంటి గొంతుతో చెప్పింది. "మంగయ్య గోపాలుకు అన్న. అన్నదమ్ముల పిల్లలు కాబట్టి భాను, దీపిక అన్నాచెల్లెళ్లు."

నీళ్లు తాగుతున్న భానుకు పొలమారింది. ఎత్తిన తాంబూలం పళ్లెం మెల్లగా చాప మీదికి దిగింది.

"మామా, గది ఊకె పిలుసుకునుడు" అన్నాడు మంగయ్య.

"ఊరికే ఎవరైనా అన్నా అంటారా? మిషనుకు మనతో ఏం పగ, అబద్ధం చెప్పడానికి?"

హర్షిత సౌండు తగ్గించేసింది. తన కుదింపే కొంప ముంచిందనుకుంది. "తాతయ్యా, ఇది చిన్నది. తెలివి కొంచెం రాలిపోయినట్టున్నది. కుదించక ముందటి పెద్దది హైదరాబాదుల ఉన్నది, దాన్నడుగుదం."

సిగ్నలు మేడ మీదనే దొరుకుతుంది. హర్షిత వెనక గోపాలు, మంగయ్య, పంచె ఎగ్గట్టిన బసవపున్నయ్య, వాళ్ల వెనక సగం పందిరీ మెట్లెక్కింది. హర్షిత తన వల మొత్తం రాజ్యశ్రీ మేడమ్‌కు పంపింది. పరిశోధనలో ఆమెకు దారి చూపేది ఈ మేడమే. కాసేపటికి ఫోను మోగింది. అందరూ వినాలన్నాడు బసవపున్నయ్య.

"హర్షితా, పెద్ద మోడలు కూడా అన్నాచెల్లెళ్లనే చెప్తోంది. అవే దారాలు పట్టుకుని, అదే జవాబు. నీ కుదింపులో ఏమీ రాలిపోలేదు. కంగ్రాట్యులేషన్స్."

పొగడ్తకు ఏడుపు రావడం హర్షితకు అదే మొదటిసారి.

"విన్నారుగా" అన్నాడు బసవపున్నయ్య. "చిన్నదీ అదే అంది, పెద్దదీ అదే అంది. మా బండి తియ్యమనండి."

కింద నుంచి దీపిక గొంతు వినిపించింది. "హర్షీ, కిందికి రా. నీతోని జర పనున్నది."

హర్షిత దిగలేదు. గోపాలు తల పట్టుకున్నాడు. "గాయినది కరీంనగరు, మాది మధిర. అన్న ఎట్లయితడు బిడ్డా? బొగ్గుబాయిల పక్కపక్కన పనిజేసినం గంతే." అప్పుడు తట్టింది ఆ పిల్లకు. మెట్ల మీద కూర్చుని కాలనీ దారాలన్నిటినీ పటపటా తెంపేసింది.

"ఇప్పుడడుగు తాతయ్యా."

"గోపాలుకు మంగయ్య ఏమవుతాడు?"

"ఏమీ కాడు" అంది ఫోను.

బసవపున్నయ్య ముఖం విప్పారింది. ఒకే టిఫిను డబ్బాలో ఇన్నేళ్లు తిన్న గోపాలు, మంగయ్య మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక నేల చూశారు. అంతటితో ఆగితే బాగుండేది. కిందికి దిగిన పెద్దాయనకు ఫోను రుచి తగిలింది.

"మరి ఈ వంట చేసే ఆవిడో?"

"పుల్లమ్మకు ఇక్కడ ఎవరితోనూ బంధుత్వం లేదు."

గరిటె ఆగింది. పుల్లమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది.

"దీపిక పుట్టిన్నాడు వానల ఆటో దొరక్కపోతె, వీళ్లమ్మను దవాఖానకు మోసుకపోయిందెవలు? గా ఫోనా? నేనేం గాని ఇంట్ల నాకేం పని. బగారా మీరే దించుకోండ్రి, దించొస్తె."

ఆమె తలుపు గడియ పడింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పందిట్లో ఉన్నవాళ్లలో అది ఎప్పుడు దించాలో తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. హర్షిత పరుగున వెళ్లి తలుపు తట్టింది.

"అత్తా, తప్పు ఫోనుది గాదు. దారాలన్నీ ఒక్కతీరే అనుకొని ముందుగాల కలిపిన, ఎన్క తెంపిన. రెండుసార్లూ తప్పే చేసిన. నువ్వేం గాకపోతె నేనల్లిన వలంత ఉత్తదే."

లోపలి నుంచే అడిగింది పుల్లమ్మ. "పొయ్యి కింద మంట తగ్గించినవా?"

"తగ్గియ్యలే."

తలుపు ధడాలున తెరుచుకుంది.

బగారా బతికింది. హర్షిత ఈసారి రెండు రకాల దారాలు అల్లింది, రక్తంవి వేరుగా, కలిసి బతికినవి వేరుగా. ఫోను చెప్పింది. "మంగయ్య గోపాలుకు కలిసి బతికిన అన్న. రక్తసంబంధం లేదు. భాను, దీపికల పెళ్లికి అడ్డు లేదు."

బసవపున్నయ్య తల ఊపాడు, కానీ సగమే. "అన్నా, తమ్ముడూ అనుకుంటూ వియ్యమందితే వినేవాళ్లకు బాగుండదు. ఇప్పట్నుంచి బావా అని పిలుచుకోండి."

"అన్నా, నిన్ను బావా అని ఎట్ల పిలుద్దునే అన్నా" అన్నాడు గోపాలు. నాలుగు తడబాట్ల తర్వాత నోరు తిరిగింది. తాంబూలాలు మారాయి. దీపిక నవ్వింది, చెల్లెలి చెవి మెలిపెట్టి మరీ నవ్వింది.

అన్నాలకు కూర్చోబోతుంటే మంగయ్య పిలిచాడు. "అక్కా, నా పక్కన కూసో."

"ఆగు బావా" అన్నాడు గోపాలు. "మనం బావలమైనం గద. ఒక్క అక్కకు ఇద్దరం తమ్ముళ్లం ఎట్లయితం? ఆమె నాకు అక్క. నీకిగ వదిన."

"నాకే అక్క. నీకే వదిన."

"అమ్మా" అన్నాడు బసవపున్నయ్య, బగారా ముద్ద చేతిలో పట్టుకుని, "మీరు మా వైపే. మా అల్లుడికి అక్క లేని లోటు ఎప్పట్నుంచో ఉంది."

పొద్దున ఎవరికీ ఏమీ కాని పుల్లమ్మ, పీట మధ్యకు జరుపుకుని కూర్చుంది. "తొందరేం లేదు. ఆలోచించి చెప్త. అందాక ఇద్దరూ వడ్డించుండ్రి."

ఫోనును అడుగుదామని ఎవరూ అనలేదు. ఈ కథ గుర్తుంచుకుని మీవాళ్లకూ చెప్పండి. చెప్పేటప్పుడు పుల్లమ్మ ఏ ఇంటి ఆడబిడ్డో మాత్రం తేల్చకండి, పెళ్లి కూడా అయిపోయింది కానీ అది ఇంకా తేలలేదు.