మ్యూట్‌లో మాటలు

ఆ ఉదయం లెక్కలావిడ పెట్టుకున్న పని ఒక్కటే: ఆఫీసులో ఎవరితోనైనా పనికి సంబంధం లేని మాట ఒకటి మాట్లాడాలి. అదేమంత బ్రహ్మవిద్యా అనకండి. జ్వరంలో చెవులు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ పెదవులు చూసే మాటలు పోల్చుకుంటుంది. ఆ బీమా ఆఫీసు వాళ్ళంతా ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని వీడియోలో కలుస్తారు. ఆవిడతో మాట్లాడాలంటే ముఖం కెమెరాకి తిప్పి నిదానంగా పలకాలి. అంత శ్రమపడి ఏం తిన్నావని ఎవరడుగుతారు? పని చెప్పి ఊరుకుంటారు.

అయితే మైకు మ్యూట్‌లో పెట్టాక మనుషులు మనుషులవుతారు. క్యాషియరు భార్యని మోకాలికి మందు రాసుకోమని బతిమాలేవాడు. రికార్డుల గుమాస్తా పెద్దాయన తనలో తనే గొణుక్కునేవాడు. ఎవరికీ వినబడని ఆ మాటలన్నీ ఆవిడకి కనబడేవి. ఒంటరి కొంపలో ఆవిడకున్న చుట్టాలూ పక్కాలూ ఆ మాటలే. తప్పే, కాదనను. ఆకలి రుచెరుగుతుందా?

ఆవేళ మీటింగు మొదలవగానే ఆవిడ ధైర్యం చేసి క్యాషియర్ని పలకరించింది.

"మీ ఆవిడ మోకాలి నొప్పి తగ్గిందాండీ?"

క్యాషియరు ముఖం పాలిపోయింది. తాను తుడవకుండా వదిలేసిన వంటింటి తడిలోనే భార్య జారిపడింది. అందుకే ఆ సంగతి గుమ్మం దాటనివ్వలేదు. ఇది తన వీధిలోనే ఉండే రిసెప్షనిస్టు పనేనని తేల్చేశాడు. ఆ అమ్మాయి ఒంటికాలి మీద లేచింది. చూస్తూ ఉండబట్టలేక లెక్కలావిడ, ఎవరూ చెప్పలేదనీ, మ్యూట్‌లో ఆయన అంటుంటే తానే చూశాననీ ఒప్పుకుంది. నీళ్ళనుకుని మంటలో నూనె పోసింది పాపం.

ఇంతకాలం తాము మ్యూట్‌లో అన్నవన్నీ ఒక్కసారిగా అందరికీ గుర్తొచ్చాయి, ముఖ్యంగా మేనేజరు గురించి అన్నవి. ఒకరు కప్పు అడ్డం పెట్టుకున్నారు, ఒకరు ఫైలు, ఒకరు అరచెయ్యి. ఆలస్యంగా వచ్చిన మేనేజరుకి తెరనిండా నోళ్ళు మూసుకున్న మనుషులు కనబడ్డారు. ఇదేదో మౌన నిరసన అనుకుని హడలిపోయి, ఎవరూ అడక్కుండానే రోజూ గంట ముందు పని ముగించెయ్యమన్నాడు. ఒక్క చెయ్యి కిందికి దిగలేదు. శనివారాలు సెలవిచ్చేశాడు. అప్పటికీ దిగలేదు.

లెక్కలావిడకి ఇవేమీ పట్టలేదు. ఉన్న నాలుగు ముఖాలూ చేజేతులా పోగొట్టుకున్నాననుకుంటే దుఃఖం ముంచుకొచ్చింది. ఇక రేపటి నుంచి పొద్దు ఎలా పోతుంది?

అప్పుడు పెద్దాయన ముఖానికి అడ్డంగా ఉన్న ఫైలు పక్కన పెట్టాడు. మైకు మ్యూట్‌లోనే ఉంచి, కెమెరాలోకి తిన్నగా చూస్తూ నింపాదిగా పెదవులు కదిపాడు.

"నేను గొణిగేదంతా ఇన్నాళ్ళూ వింటున్నావా అమ్మాయ్?"

ఆవిడ బెదురుతూ తలూపింది.

"మా ఆవిడ పోయాక నా మాట వినేవాళ్ళే లేరనుకున్నా. ఇకమీదట కూడా వింటావా?"

ఆవిడ ఈసారి మళ్ళీ మళ్ళీ తలూపింది. నమ్మలేనట్టు చూసి పెద్దాయన కూడా ఊపాడు.

సరిగ్గా అప్పుడే మేనేజరు, శనివారాలు సెలవు వదులుకుని ఆఫీసు పని చూసే త్యాగమూర్తులు ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నాడు. ఊగుతున్న ఆ రెండు తలల్నీ చూసి పొంగిపోయి, వాళ్ళ కర్తవ్యదీక్ష గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆ ఇద్దరూ తప్ప అందరూ విన్నారు.