టైలరమ్మ అభిప్రాయం – సగటుకు దూరం

గాలికీ నీటికీ నిబంధనలు వచ్చి చాలాకాలమైంది. ఇంకా అదుపూ ఆజ్ఞా లేకుండా తిరుగుతున్నది మనిషి అభిప్రాయం ఒక్కటే. సినిమాలూ సీరియళ్లూ చూపించే ఒక యాప్‌వారు ‘వీక్షక సేవా కేంద్రం’ తెరిచి ఆ కొరత కూడా తీర్చారు. తొలి విడతలో దొరికిపోయినవాళ్లలో టైలరమ్మ ఒకతె.

టైలరమ్మ పాతికేళ్లుగా ఒకే గదిలో, రెండు మిషన్ల మధ్య కూర్చుని కుడుతోంది. చేతులు బట్ట మీద, కళ్లు సూది మీద, మధ్యమధ్య దారాల డబ్బాకు ఆనించిన ఫోను మీద. పై వీధిలో ఉండే అక్కతో ఫోనులో మాట్లాడుకుంటూ ఒక హత్యల సీరియల్ తొమ్మిది భాగాలు చూసింది. పదోది మిగిలింది. మర్నాడు పొద్దున అక్కకి కంటి ఆపరేషన్. రెండు కళ్లకూ కట్టు వేస్తామని డాక్టరు చెప్పాడు.

“హంతకుడెవడో తెలీకుండా నేను ఆ బల్ల ఎక్కనంటే ఎక్కనే,” అంది అక్క.

తొమ్మిదో భాగం అయ్యాక యాప్ “ఎలా ఉంది?” అని అడిగింది. (అడగడం మర్యాద. చెప్పడం మన తొందరపాటు.) టైలరమ్మ అయిదింటికి రెండు నక్షత్రాలిచ్చి, కారణం కూడా ఫోనులోకి చెప్పింది.

“ఆ ఇన్‌స్పెక్టరు తొమ్మిది భాగాల్లో ఒక్కసారీ అన్నం తినలేదు, చొక్కా మార్చలేదు. గోడంతా ఎర్రదారం కట్టాడు, ఒక్క ముడీ తిన్నగా లేదు. చంపింది పక్కింటి డాక్టరు. రెండో భాగంలో అతని మూడో గుండీ వేరే దారంతో కుట్టుంది, పెనుగులాటలో తెగితే మళ్లీ కుట్టుకున్నాడు, మీరు చూసుకోలేదు. మొన్నటి సూపర్‌హీరో సినిమా కూడా ఈ బాపతే. ఊరు ఊరంతా కూలింది గానీ అతగాడి బట్ట చిటికెడు చిరగలేదు. పైగా జిప్పు ఎక్కడా లేదు. ఆ మనిషి బాత్రూముకి ఎలా వెళ్తాడో ముందది చూపించండి, లోకాన్ని తర్వాత రక్షిద్దురు గాని.”

వెంటనే జవాబొచ్చింది: “మీ అభిప్రాయం సగటుకు దూరముగా ఉన్నది. ధ్రువీకరణ జరుగువరకు మీ ఖాతా నిలిపివేయబడినది.” ఖాతా అక్కచెల్లెళ్లిద్దరికీ అదొక్కటే.

కాలరు వెయ్యాల్సిన చొక్కా మిషను మీదే వదిలేసి టైలరమ్మ కేంద్రానికి పరుగెత్తింది. మూడో కౌంటరు వీరుల సినిమాలది, ఏడోది హత్యల సీరియళ్లది. మూడో కౌంటరువాళ్లు ఇందులో హత్య ఉందన్నారు. ఏడోవాళ్లు ఇందులో వీరుడున్నాడన్నారు. ఇటూ అటూ నాలుగుసార్లు తిరిగాక, లోపలి గదిలో ‘మిశ్రమ అభిప్రాయాల పరిశీలనాధికారి’ దగ్గరికి పంపారు.

“కూర్చోండమ్మా. జిప్పు లేదని మీకెవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలా అండీ? కళ్లున్నాయి కదా.”

“అక్కడే వస్తోంది ఇబ్బంది,” అంటూ ఆయన రాసుకున్నాడు: ‘స్వయంగా చూసినట్లు ఒప్పుకున్నారు.’

“నలభైమూడు లక్షల మంది అద్భుతమన్నారు. మీరొక్కరే రెండు నక్షత్రాలన్నారు. పొరపాటు ఎవరిదో మీరే చెప్పండి.”

“సరే, పర్వాలేదు అని రాసుకోండి బాబూ.”

“పర్వాలేదనేది కిందటేడే తీసేశామమ్మా. ఎవరూ వాడ్డం లేదని.”

“వాడినవాళ్లని తెచ్చి ఇక్కడ కూర్చోబెడితే ఇంకెవరు వాడతారు?”

అదీ రాసుకున్నాడు.

“మీరు చూశారా ఆ సీరియలు?”

“నిష్పక్షపాతం దెబ్బతింటుందని మా సిబ్బంది ఏదీ చూడకూడదు,” అని, తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “గుండీ సంగతి నిజమేనా? మా ఆవిడ ఇన్‌స్పెక్టరే చంపాడంటోంది.”

“మీ ఆవిడకి కుట్టుపని రాదేమో.”

ఆయన నిట్టూర్చి ఒక ఫారం ముందుకు జరిపాడు. అందులో మూడు గళ్లు: అద్భుతం, అత్యద్భుతం, మాటల్లో చెప్పలేను. టైలరమ్మ గోడగడియారం చూసింది. అయిదు కావస్తోంది. పాతికేళ్లలో వంకర కుట్టుని బాగుందని అని ఎరగని మనిషి. అక్క మొహం గుర్తుచేసుకుని ‘అత్యద్భుతం’ దగ్గర టిక్కు పెట్టింది. మంచి బట్టని చూస్తూ చూస్తూ అడ్డంగా కత్తిరించినట్టనిపించింది.

దీపాలు పెట్టే వేళకి ఖాతా తెరుచుకుంది. పదో భాగంలో ఇన్‌స్పెక్టరు ముప్పావుగంట సేపు ఎర్రదారం కట్టి, చివరికి పక్కింటి డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

“నువ్వు చెప్పావే తల్లీ! వాడే! గుండీ!” ఫోనులో అక్క కేకలు పెట్టింది.

“మెల్లగా అక్కా. ఫోను వింటుంది.”

అక్క పకపకా నవ్వింది. చెల్లెలు నవ్వకపోయేసరికి తనూ ఆగిపోయింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కళ్లకు కట్టుతో పడుకున్న అక్క తలగడ పక్కన ఫోను గంటకోసారి “ఎలా ఉంది?” అంటూ మోగింది. దాని నోరు మూయించడానికి ఆవిడ తడుముకుంటూ ఎక్కడో ఒకచోట నొక్కింది.

మూడోరోజు కేంద్రం నుంచి అక్క పేరిట ప్రశంసాపత్రం వచ్చింది. కట్టు కళ్లతో ఆమె ఇచ్చిన అభిప్రాయం సగటుకు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయిందట.