టీచరు లేని రోబో క్లాసు

చదువుకు టీచరే పెద్ద అడ్డు. ఊరికే అనడం లేదు. మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో మెకట్రానిక్స్ చదువుతూ, స్వానుభవంతో చెబుతున్నాను.

ఫ్యాక్టరీలో రోబో ఆగిపోతే జబ్బు మోటారుదా, కరెంటుదా, ప్రోగ్రాముదా అని కనిపెట్టి మళ్లీ నడిపించే విద్య ఇది. మా ఇండియానా రాష్ట్రంలో ఇప్పుడు దీనికే గిరాకీ.

నా పక్క బల్ల లొరెట్టా బ్రన్నర్‌ది. కారు తలుపుల గొళ్లాలు చేసే ఫ్యాక్టరీలో ఆమె పనిని ఒక రోబో చెయ్యి లాక్కుంది. ఇంకొకరైతే కుమిలిపోయేవారు. ఆమె మాత్రం, "దానికి జబ్బు చేస్తే నా దగ్గరికే రావాలి" అంటూ క్లాసులో చేరింది.

మా టీచరు డ్వేన్ హోస్టెట్లర్ మహా చాదస్తుడు. కావాలని ఓ వైరు పీకేసి, "వెతకండి చూద్దాం" అని కాఫీ తాగుతూ నిలబడేవాడు. లొరెట్టా అందరికంటే ముందు పట్టేసేది.

అక్టోబరులో ఆ ఫ్యాక్టరీయే ఆయన్ని ఎత్తుకుపోయింది. కాలేజీ కల్లో కూడా ఇవ్వలేని జీతం. ముగ్గురు పిల్లల తండ్రి, ఏం చేస్తాడు?

అప్పుడు మొదలైంది మా స్వర్ణయుగం! టీచరు లేనిదే ల్యాబులో స్విచ్ వెయ్యకూడదని రూలు. రోబో దుప్పటి కప్పుకుని విశ్రాంతి తీసుకుంటోంది. మేం వీడియోలు చూస్తున్నాం. వీడియోను ఎవరూ సందేహం అడగరు, వీడియోకు షాకు కొట్టదు. పరీక్ష పెట్టేవాడే లేడు గనక ఇంతవరకూ ఒక్కరూ తప్పలేదు. పాసూ కాలేదు, అది వేరే సంగతి. సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా లొరెట్టా కిరాణా దుకాణంలో సరుకులు సంచుల్లో సర్దుతోంది.

మొన్న కాలేజీలో ఊరివాళ్లతో సభ పెట్టారు. ఫ్యాక్టరీ మేనేజరు గ్రాంట్ విట్‌మోర్ గొంతు నిండా విచారంతో మాట్లాడాడు. "పనికొచ్చే మనుషులే దొరకడం లేదండీ. ఈ కాలం జనానికి నేర్చుకోవాలన్న ఆశే లేదు."

పెద్దలందరూ తలలూపారు. దుకాణం ఏప్రన్ కూడా విప్పకుండా వచ్చిన లొరెట్టా లేచి నిలబడింది.

"నేర్చుకునేవాళ్లం ఇక్కడే ఉన్నాం విట్‌మోర్ గారూ. నేర్పేవాణ్ణే మీరు పట్టుకుపోయారు. వారానికి ఒక్క పూట పంపించండి, చాలు."

"భలేదానివమ్మా, అతన్ని పంపిస్తే మా రోబోల్ని ఎవరు చూస్తారు?"

"అది చూసేవాళ్లనే కదండీ ఇక్కడ తయారు చేసేది?"

విట్‌మోర్ గారు గడియారం చూసుకుని, అందరికీ కృతజ్ఞతలు చెప్పి కారెక్కారు.

మర్నాడు లొరెట్టా మా కాలేజీలో పేరు కొట్టేయించుకుంది. ఇప్పుడు ఇంకో కౌంటీలోని కాలేజీ దాకా కారు నడుపుకుంటూ వెళ్లి చదువుతోంది. అక్కడ టీచరున్నాడట. వైర్లు కూడా పీకుతాడట.

పాఠకులకు ఒక్కటే విన్నపం. ఆ టీచరు పేరు అడక్కండి. ఫ్యాక్టరీ వాళ్లు కూడా పేపరు చదువుతారు.