తుపాకీ పిడి బ్యాటు

ఆ ఆదివారం ఉదయం బెంజిమిన్ పథకంలో మూడే పనులున్నాయి. టీ తాగాలి, కొత్త బ్యాటు తెచ్చుకోవాలి, సాయంత్రం నాలుగింటికి క్లబ్బు ఫైనల్లో ఆంజనేయుల్ని ఓడించాలి. మొదటి రెండూ సులువే. మూడోది మాత్రం ఆరేళ్ళుగా కుదిరి చావడం లేదు. నరసరావుపేటలోని వాళ్ళ టేబుల్ టెన్నిస్ క్లబ్బులో ఆడేవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. అందులో ఏటా ఆంజనేయులు ఫస్టు, బెంజిమిన్ సెకండు. షీల్డు కోసం ఇంట్లో గోడకు కొట్టిన మేకుకు ఆరేళ్ళుగా గొడుగే వేలాడుతోంది, పాపం.

తప్పంతా బ్యాటు పిడిదేనని బెంజిమిన్ తేల్చేశాడు. తుపాకీ పిడిలా కిందికి వంచితే మణికట్టు నొప్పి పోతుందని, దెబ్బ గట్టిగా తగులుతుందని ఫోనులో ఎక్కడో చూశాడు. కొడవళ్ళకూ గొడ్డళ్ళకూ పిడులు చెక్కే నూర్ మొహమ్మద్‌కు ఆ పని అప్పజెప్పాడు. ఆయన చెయ్యి మంచిదే, చెవులే కాస్త మందం. అందుకే ఆరోగ్యమ్మ టీ బంకు దగ్గర నిలబడి బెంజిమిన్ ఫోనులో అరవాల్సి వచ్చింది.

“బాబాయ్, బ్లేడు రెడీయేనా? తుపాకీ పిడి బాబాయ్, తుపాకీది. చేతిలోంచి జారకూడదు. సాయంత్రం నాలుగింటికి ఆంజనేయులు పని అయిపోవాల. ఆరేళ్ళ పగ.”

బ్యాటు చెక్కను ఆటగాళ్ళు బ్లేడు అంటారని ఆరోగ్యమ్మకు ఎవరు చెప్పాలి? పల్నాడులో పుట్టి పెరిగిన మనిషి, పగ అన్న మాట చెవిన పడితే ఊరుకుంటుందా? బెంజిమిన్ బండి మలుపు తిరగ్గానే ఆంజనేయులు భార్య ప్రమీలమ్మకు ఫోను కొట్టింది. ఆ మాటలు బెంజిమిన్‌కు తర్వాతెప్పుడో తెలిశాయి.

“అక్కా, మీ ఆయన్ని బయటికి పంపబాక. బెంజిమిన్ బ్లేడు చేయించాడు. తుపాకీ కూడా ఉందంట.”

“బెంజిమినా? బొద్దింకను చూస్తే బల్లెక్కుతాడు గదే.”

“అట్టా మెత్తగా ఉండేవాళ్ళతోనే భయం అక్కా.”

ప్రమీలమ్మ స్నానానికి వెళ్ళిన భర్తను లోపలే ఉంచి బయటినుంచి గడియ పెట్టి, పుట్టింటికి ఫోను చేసింది. ఆ కబురు బొల్లాపల్లి చేరేసరికి ఒక తుపాకీ నాలుగయ్యాయి. మూడింటికల్లా ఆమె అన్నదమ్ములు రెండు ఆటోల్లో దిగారు. లోపల ఆంజనేయులు, “మ్యాచ్ ఉందే తల్లీ, గడియ తియ్యి,” అని మొత్తుకుంటూనే ఉన్నాడు.

నాలుగింటికి కాగితంలో చుట్టిన బ్యాటుతో క్లబ్బుకు వచ్చిన బెంజిమిన్, గుమ్మం ముందు జనాన్ని చూసి పొంగిపోయాడు. తన ఆట చూడ్డానికి ఇంతమంది ఏనాడూ రాలేదు.

“ఒక్కో దెబ్బకి ఆంజనేయులు ఎట్టా పడతాడో మీరే చూద్దురుగాని,” అన్నాడు సంతోషంగా.

మరుక్షణం అతని రెండు చేతులూ ఇద్దరి చేతుల్లో ఉన్నాయి. ప్రమీలమ్మ వచ్చి పొట్లం లాక్కుని విప్పింది. నూర్ మొహమ్మద్ పుట్టి బుద్ధెరిగాక తుపాకీని చూసింది లేదు. అందుకని చేతికొచ్చిన కొడవలి పిడినే చెక్కకు వంచి బిగించేశాడు.

“ఏందిది తమ్ముడూ? కొడవలి పిడి గదా. ఇట్టాంటిది పట్టుకుని ఎన్ని కంది చేలు కోశానో.”

“కొత్త మోడల్ అక్కా,” అన్నాడు బెంజిమిన్ ఉక్రోషంగా. “ఆడితే తెలుస్తది దాని సంగతి.”

“అయితే ఆడదాం రా,” అని ఆమె కొంగు దోపింది.

బెంజిమిన్ పాత బ్యాటు తీసుకున్నాడు. ప్రమీలమ్మ కొత్తదాంతో వంగి, కంది కోసినట్టే చెయ్యి లోపలికి లాగి కొట్టింది. బంతి ఎటు తిరుగుతుందో ఆమెకూ తెలియదు, బెంజిమిన్‌కు అసలే తెలియదు. పదకొండు, నాలుగు. అన్నదమ్ములు ఈలలేశారు. ఎవరో వెళ్ళి గడియ తీస్తే దువ్వని జుట్టుతో పరుగెత్తుకొచ్చిన ఆంజనేయులు కూడా పదకొండు, ఆరుకు పడిపోయాడు. బెంజిమిన్‌కు ఏడుపు రావాల్సింది. కానీ ఆరేళ్ళుగా తను చూడాలనుకున్న ఓటమి ముఖం ఆంజనేయులు పెట్టడం చూసి, కడుపు పట్టుకుని నవ్వాడు.

ఆమె క్లబ్బు సభ్యురాలు కాదని రెండు ఆటోల జనం ముందు అనడానికి ఎవరికీ నోరు పెగల్లేదు. షీల్డు ప్రమీలమ్మకిచ్చారు, సెకండు ఆంజనేయులుకిచ్చారు.

బెంజిమిన్ మాత్రం కొత్త పిడి పుణ్యమా అని ఆరేళ్ళ సెకండు ప్లేసు నుంచి బయటపడ్డాడు.