కొత్త బ్రేక్ ఆయిల్

కారులో బ్రేక్ ఆయిల్ పాతబడినందువల్ల భారతమ్మ ఆ ఉదయం అంట్లు తోమడం ఆపలేకపోయింది. తళతళలాడుతున్న పళ్లాన్నే మళ్లీ మళ్లీ తోముతోంది.

ఆ పట్టణంలో ఏ ఇంటివాళ్లనైనా ఆపేది ఆ ఇంటి కారు బ్రేకే. కారు లేనివాళ్లు పక్కింటి కారుకు అర్జీ పెట్టుకుంటారు. వానాకాలం తేమ పీల్చుకుని ఆయిల్ పట్టు తప్పుతుంది. అప్పుడు నవ్వడం మొదలుపెట్టినవాళ్లు నవ్వుతూనే ఉంటారు. గుమాస్తాల సంతకాలు కాగితం దాటి బల్ల మీదికి పాకుతాయి. అందుకని రెండేళ్లకోసారి ఇంట్లోనే, ఇంటి మనుషులే ఆయిల్ మార్చుకోవాలని పురపాలక సంఘం ఉత్తర్వు.

కూతురు కుసుమకు విజయనగరంలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆ సాయంత్రంలోగా చేరకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. బయల్దేరిన ప్రతిసారీ గేటు దగ్గర ఆమె కాళ్లు ఆగిపోయేవి. నిన్న మాత్రం వీధి మలుపు దాకా వెళ్లగలిగింది. అది చూసి తండ్రి వెంకటాద్రి కొత్త ఆయిల్ డబ్బా తెచ్చాడు. ఆయనకు కోపమేమీ లేదు. కూతురంటే ప్రాణం. పాతబడింది, మార్చాలి, అంతే.

"తొక్కమంటే తొక్కు. పట్టుకోమంటే పట్టుకో. నే చెప్పేదాకా వదలమాకు" అన్నాడు, కుసుమను స్టీరింగు ముందు కూర్చోబెట్టి. "పోయినసారి వదిలేస్తే పైపులో గాలి పట్టింది. మీ బాబాయి ఆర్నెల్లు పాడతానే ఉన్నాడు."

"బాగానే పాడాడుగా నాన్నా."

"పెళ్లిచూపుల్లో కూడానా అమ్మా."

ఆయన వెనక చక్రం దగ్గర పడుకుని నట్టు వదులు చేశాడు. పెడల్ మెత్తగా దిగిపోయింది. పైపులోంచి నల్లటి ఆయిల్ సీసాలోకి కారింది. ఆ ఇంట్లో ఇన్నాళ్లూ ఆగిపోయినవన్నీ అందులో ఉన్నాయి. చేతిలో పళ్లెం తోముకుంటూనే వచ్చి భారతమ్మ వంగి చూసింది.

"అది నా సైకిలు" అంది. పెళ్లయిన కొత్తలో నేర్చుకోబోయిన సైకిలు అడుగున కనబడింది.

"ముట్టుకోకే, చేతులు పాడైపోతాయి. పారబొయ్యాల్సిందే."

చక్రం తరవాత చక్రం ఖాళీ అవుతున్నకొద్దీ ఇల్లంతా ఉరకలేసింది. వెంకటాద్రి నోట ఈల పుట్టి మాటల మధ్య కూడా మోగుతోంది. పెరట్లో ఆరేసిన చీరలు గాలి లేకుండానే ఎగురుతున్నాయి. కుసుమ గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోందంటే స్టీరింగు కూడా అదురుతోంది. ఆమెకు పట్టరాని సంతోషంగా ఉంది.

ఆఖరి చక్రంలో పాత ఆయిల్ పోయి కొత్తది చేరేలోపు కాసేపు ఎవరినీ ఏదీ ఆపదు. ఈ సంగతి పురపాలక సంఘానికి తెలుసు. అందుకే పెడల్ మీద ఆ ఇంటి ఆడపిల్లనే కూర్చోబెట్టాలని ఉత్తర్వులో ఉంది. పనిలో ఉంటుంది కనక ఎటూ పోదు.

"తొక్కు. పట్టుకో."

కుసుమ తొక్కిపట్టింది. అప్పుడు భారతమ్మను చేతిలోని పళ్లెం కూడా ఆపలేకపోయింది. దాన్ని కింద పెట్టి, కారు అవతలి తలుపు తీసుకుని కూతురి పక్కకు జరిగింది. కూతురి పాదం మీద తన పాదం ఆనించింది. కుసుమ తల్లి మొహంలోకి చూసింది. మెల్లగా తన కాలు లాక్కుంది. పెడల్ వెంట్రుకవాసి కూడా లేవలేదు.

"పట్టుకున్నావా?" అన్నాడు వెంకటాద్రి చక్రం కిందినుంచి.

"పట్టుకున్నా" అంది భారతమ్మ.

గొంతులో తేడా ఆయన కనిపెట్టలేదు. "భలే పట్టు. అచ్చం మీ అమ్మే. ఇహ రెండేళ్లు ఇంట్లో ఎవరూ కదలరు."

"కదలం" అంది భారతమ్మ.

కుసుమ కారు దిగి సంచీ తీసుకుంది. చక్రం పక్కన చాపుకుని ఉన్న తండ్రి కాళ్లను దాటకుండా చుట్టూ తిరిగి, గేటు తీసుకుని వెళ్లిపోయింది.