ధైర్యం చెప్పేవాళ్ళు చల్లగా ఉండాలి!

కేన్సర్ రోగులకు మానసిక నిపుణులు అవసరమా? అస్సలు అవసరం లేదు! ఈ మాట దారిన పోయే దానయ్య అనడం లేదు. కీమో ఎక్కించుకుని, ఉన్న జుట్టంతా రాల్చుకుని, మళ్ళీ మొలిపించుకున్న అనుభవంతో నేను అంటున్నాను.

బంధువులుండగా నిపుణులు దేనికండీ? వీళ్ళకి ఫీజు లేదు. అపాయింట్‌మెంట్ లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే మనం చొక్కా మార్చుకోవాలి. వీళ్ళయితే మనం చిరుగుల బనీనులో ఉండగానే వచ్చేసి, మన సోఫాలో కూర్చుని, మన కాఫీ తాగుతూ, మనకు ధైర్యం చెప్పేసి వెళ్ళిపోతారు.

మచ్చుకి మా బావమరిదినే తీసుకోండి. ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. "సగం రోగం మనసులోనే ఉంటుంది బావా. మనసు గట్టి చేసుకో, అంతే!" అంటాడు. మిగతా సగం ఎక్కడుందో డాక్టర్లు ఇంకా వెతుక్కుంటున్నారు, అది వేరే సంగతి. కాంక్రీటు పోసి, నాలుగు రోజులు నీళ్ళు కొడితే అదే గట్టిపడుతుంది కదా! మనసుకి మాత్రం వేరే సూత్రం ఎందుకుండాలి?

మా పిన్ని పద్ధతి వేరు. ఆవిడ తనకు తెలిసిన కేన్సర్ మనుషుల కథలన్నీ చెబుతుంది. "ఆ పోస్టాఫీసాయన లేడూ, నీకంటే దిట్టంగా ఉండేవాడురా, నిక్షేపంలాంటి మనిషి..." అని మొదలుపెట్టి, సగం దూరం వచ్చాక ముగింపు గుర్తొచ్చి నాలిక కరుచుకుంటుంది. "సర్లే, నువ్వు మాత్రం ధైర్యంగా ఉండు నాన్నా" అని ముగిస్తుంది. ఆ కథలో చివరికి ఏమైందో నాకు తెలియకుండా ఎంత జాగ్రత్త పడుతుందో చూడండి!

ఇక పై వాటాలో ఉండే జిమ్ కోచ్. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో, "అంకుల్, పొద్దున్నే అద్దం ముందు నిలబడి, నేను సింహాన్ని అని పదిసార్లు అనండి" అన్నాడు. అన్నాను. అప్పటికి కనుబొమ్మలు కూడా రాలిపోయి ఉన్నాయి. అద్దంలో ఉన్నది సింహమో కోడిగుడ్డో తేల్చుకోలేక మా ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ తేరిపార చూసి, "సింహమే లెండి. ముందు టోపీ పెట్టుకోండి, జలుబు చేస్తుంది" అంది.

ఇంతటి వైద్యబృందానికి నావల్ల ఒకే ఒక్క ఇబ్బంది. మా ఇంట్లో ఫ్యాన్ వెయ్యరు.

నేనే వెయ్యనివ్వను. రెక్కలు తిరగడం మొదలైతే చాలు, గుండె దడదడలాడుతుంది, ఊపిరి అందదు, లేచి వీధిలోకి వెళ్ళిపోతాను. అందుకని ఎండాకాలంలో కూడా మా హాల్లో గాలి బిగబట్టుకుని కూర్చుంటుంది. ధైర్యం చెప్పడానికి వచ్చినవాళ్ళు చెమటలు కక్కుతూ చెప్పాల్సి వస్తుంది. మా ఆవిడ ఈ కాలమ్ అచ్చయ్యే పేపరునే మడిచి విసురుకుంటూ ఉంటుంది. నా రచనల వల్ల సమాజానికి జరిగిన మేలు ప్రస్తుతానికి అదొక్కటే.

దీనికీ చికిత్స చెప్పారు, చెప్పకపోవడమేం! ఏసీ పెట్టించమన్నాడు బావమరిది. చప్పుడు చెయ్యని ఫ్యాన్ కొనమంది పిన్ని. ఫ్యాన్ వంక చూస్తూ సింహంలా గర్జించమన్నాడు కోచ్. "ఎందుకు?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు. మర్యాద తెలిసినవాళ్ళు మరి!

మీరూ మర్యాదస్తులే, అడగరు. కాబట్టి నేనే చెబుతాను.

కీమో సగంలో ఉండగా నాకు కోవిడ్ తగులుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు! వేరే వార్డులోకి మార్చారు. ఇంటివాళ్ళు గేటు దగ్గరే ఆగిపోయారు. లోపల అంతా తెల్ల సూట్ల మనుషులు, కళ్ళు తప్ప ఇంకేమీ కనపడవు. పక్క మంచం మీద ఒక లెక్కల మాస్టారు. ఆయనదీ నాలాగే రెండు రోగాల కాపురం. మా రెండు మంచాలకీ కలిపి ఒకటే ఫ్యాన్. దాని రెగ్యులేటర్ ఆయన తల పక్క గోడకుంది. నాకేమో చలి, ఆయనకేమో ఉక్క. ఇంకేముంది, యుద్ధం!

"మాస్టారూ, రెండులో పెట్టండి బాబూ, పళ్ళు టకటకలాడుతున్నాయి."

"నీకు రెండు కావాలి, నాకు ఐదు కావాలి. సగటు మూడున్నర. రెగ్యులేటర్ మీద మూడున్నర లేదు. కనక ఐదే."

"పోనీ నాలుగు చెయ్యొచ్చు కదండీ?"

"అందుకే నిన్ను నా క్లాసులో కూర్చోబెట్టను."

ఆక్సిజన్ మాస్కు పక్కకి జరుపుకుని మరీ వాదించేవారు. తెల్ల సూటు మనిషి వచ్చి మాస్కు సరిచేసి వెళ్ళగానే మళ్ళీ జరిపేవారు. నిజం చెప్పొద్దూ, ఆ పోట్లాట కోసమే నేను పొద్దున్నే కళ్ళు తెరిచేవాణ్ణి.

ఒకరోజు పొద్దున లేచేసరికి ఆయన మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. ఒక్క ముడత లేదు. ఫ్యాన్ మాత్రం ఐదులోనే తిరుగుతోంది, ఆయన పెట్టుకున్న ఐదు. "మాస్టారేరీ?" అని అడిగాను. "మీరు రెస్ట్ తీసుకోండి సార్" అన్నాయి ఆ కళ్ళు. ఇక రెగ్యులేటర్ నాదే, రెండులో పెట్టుకుంటే అడిగేవాళ్ళు లేరు. పెట్టుకోలేకపోయాను. నన్ను ఇంటికి పంపేదాకా ముసుగు తన్ని వణుకుతూ ఆ ఐదు కిందే పడుకున్నాను.

ఇదంతా మా వాళ్ళకి చెప్పానా? చెప్పలేదు. వాళ్ళు ధైర్యం చెబుతుంటే మధ్యలో అడ్డం రావడం ఏం మర్యాద?

ఇలాగే హాయిగా గడిచిపోయేది. కానీ జబ్బు మళ్ళీ తలెత్తిందేమో చూడడానికి స్కానింగ్ చెయ్యాలన్నారు. ఆ మిషన్ ఒక పెద్ద రింగు. మనల్ని బల్ల మీద పడుకోబెట్టి అందులోకి తోస్తారు. లోపల ఏదో గిర్రున తిరుగుతుంది. అచ్చం ఐదులో ఫ్యాన్! ఇంకేం, బల్ల దిగి పార్కింగ్ దాకా పరిగెత్తాను. ఆసుపత్రి గౌనుకి తాళ్ళు వెనకవైపు ఉంటాయి. కట్టుకున్నానో లేదో దయచేసి అడగొద్దు.

"మీరు చూడనంత మాత్రాన జబ్బు ఆగదండీ" అని డాక్టరు మందలించి, వరండా చివరి గదిలో ఉండే కౌన్సెలర్ దగ్గరికి పంపాడు.

అయ్యలారా, ఆవిణ్ణి చూస్తే మీకు జాలేస్తుంది. ఒక్క సలహా కూడా రాదు! నేను కూర్చున్నాను. మూల టేబుల్ ఫ్యాన్ తిరుగుతోంది. నేను ఆవిడ మొహం వదిలేసి దాని వంకే చూస్తున్నాను. ఆవిడ లేచి, ఫ్యాన్ ఆపి, వచ్చి కూర్చుంది.

"ఆపేశాను. ఇప్పుడు చెప్పండి. అది తిరుగుతుంటే మీకు ఎవరు గుర్తొస్తారు?"

ఇదా వైద్యం? ఇదేం మర్యాద? నేను వయసులో పెద్దవాణ్ణి, పేపర్లో రాసేవాణ్ణి, ఆవిడ ఎదుట ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆవిడ ఊరుకోమని కూడా అనలేదు! మాస్టారి సంగతంతా వింది. జీతం తీసుకుంటూ వినడమేమిటండీ? తర్వాత వెళ్ళినప్పుడు ఫ్యాన్ ఒకటిలో పెట్టమంది, నా చేత్తోనే. మళ్ళీ వెళ్ళినప్పుడు రెండు. "మూడున్నర లేదండీ దీనికి" అని ఆవిడ అంటే, ఏళ్ళ తర్వాత నాకు నవ్వొచ్చింది. మూడుకి వచ్చాక స్కానింగ్‌కి వెళదామని ఒప్పందం.

ఆ మూడు కోసం వెళితే ఆ గది లేదు.

గది ఉందిలెండి, ఆవిడ లేదు. "ఇంతమందిలో కొందరి కోసం ఒక మనిషి, ఒక గది దండగ" అని ఆసుపత్రి వాళ్ళు తేల్చారట. ఎంత ముందుచూపు! ఆ గదికి పసుపురంగు వేసి, 'హ్యాపీనెస్ కార్నర్' అని బోర్డు పెట్టి, సెల్ఫీ తీసుకోవడానికి నిలువుటద్దం తగిలించారు. నా ఫోనులో ఒక యాప్ కూడా వేసి పంపారు. అది రోజూ "ఈరోజు మీ మూడ్ ఎలా ఉంది?" అని అడిగి అయిదు బొమ్మలు చూపిస్తుంది. నిన్న ఏడుపు మొహం నొక్కాను. "అద్భుతం! ఇలాగే కొనసాగించండి!" అంది. దీనికీ మా బావమరిదికీ చుట్టరికం ఉండి తీరాలి.

వచ్చే సోమవారం స్కానింగ్. ఇక వాయిదా కుదరదని డాక్టరు ఖండితంగా చెప్పాడు. సంగతి తెలిసి మా వైద్యబృందమంతా ఇవాళ మధ్యాహ్నం దిగింది. ఉక్కపోతకి పిన్ని మొదట లేచింది, కోచ్ తర్వాత, బావమరిది ఆఖర్న. "భయపడకు బావా, భయపడితేనే భయం" అని చెప్పులేసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఇది రాయడానికి కూర్చున్నాను. నేనేం రాసినా మొదట చదివేది మా ఆవిడే. లెక్కల మాస్టారి సంగతి ఆవిడకి ఇవాళ్టిదాకా తెలియదు. ఇక్కడిదాకా రాసింది చదివింది. కాగితాలు బల్ల మీద పెట్టింది. "నవ్వొచ్చేట్టే రాశారు" అంది, కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత వెళ్ళి స్విచ్‌బోర్డు దగ్గర నిలబడింది.

"ఆయన ఐదులో పెట్టుకునేవారా?"

"ఊఁ."

"మనం ఒకటితో మొదలుపెడదాం. నేనిక్కడే ఉంటాను. మీరు ఆయన గురించి చెబుతూ ఉండండి. ఏ క్లాసుకి చెప్పేవారు?"

ఇప్పుడు ఫ్యాన్ ఒకటిలో తిరుగుతోంది. కాగితాలు ఎగరకుండా మోచెయ్యి ఆనించి రాస్తున్నాను. కుర్చీ లోంచి మాత్రం లేవలేదు. సోమవారం లోపల మూడుకి రావాలి.

ఆసుపత్రి పెద్దలారా, నన్ను అడగడానికి ఇంట్లో ఒక మనిషి దొరికింది. ఆ వార్డులో ఉన్నది నా ఒక్కడి మంచమే కాదు. దయచేసి ఆ అద్దం తీసేసి, ఆ కౌన్సెలర్ కుర్చీ మళ్ళీ వెయ్యండి.